మెడలో టేపున్నాయన

మొన్న ఒక ఏప్రన్ కొనుక్కోవలసి వచ్చింది. డాక్టర్లు తొడుక్కునే తెల్లకోటును మా ఆసుపత్రుల్లో ఏప్రన్ అంటారు. ట్రంకురోడ్డు మీది రెడీమేడ్ షాపులో ఒక అమ్మాయి అట్టపెట్టెలు దించి, "మీడియమా మేడమ్, లార్జా?" అని అడిగింది. నాకు తెలియలేదు. ఇన్నేళ్ళలో నా కొలత నేను తెలుసుకోవలసిన అవసరం రాలేదు. అది తెలిసిన మనిషి ఒకాయన ఉండేవాడు. ఈ ఎండాకాలంలో పోయాడు. ఆ అమ్మాయి రెండు సైజులూ చేత పట్టుకుని చూస్తుంటే, నేను ఏమీ కొనకుండా బయటికి వచ్చి, కారులో కూర్చుని కాసేపు ఏడ్చాను. రిటైర్మెంటుకు దగ్గరపడిన పాథాలజిస్టు ఏప్రన్ కోసం రోడ్డు మీద ఏడుస్తుంటే బాగుండదు కాబట్టి అద్దాలు ఎత్తుకున్నాను.

ఆయన పేరు రాయను. ఊళ్ళో సగం మంది డాక్టర్లకు ఏప్రన్లు ఆయనే కుట్టేవాడు కనక పేరు లేకపోయినా గుర్తుపట్టేవాళ్ళు గుర్తుపడతారు. మేమందరం భాయి అనేవాళ్ళం. చిన్నబజారు వెనక సందులో ఒక షట్టరు కొట్టు. ఒక పక్క మా తెల్లగుడ్డ తానులు, ఇంకో పక్క కృష్ణపట్నం పోర్టు కంపెనీల యూనిఫారాలకు నీలం గుడ్డ. మధ్యలో ఆయన, మెడలో పసుపురంగు టేపు. కొట్టు మూసి ఇంటికి వెళ్ళినా ఆ టేపు మెడలోనే ఉండేది. అన్నానికి కూర్చున్నాక దాని కొస పప్పులో పడబోతే అప్పుడు తీసి భుజం వెనక్కి వేసుకునేవాడని ఆయన భార్య నవ్వుతూ చెప్పేది.

నడుము చుట్టూ టేపు పడగానే ప్రతి మనిషీ ఊపిరి బిగబడతాడు. పొట్ట లోపలికి లాక్కుని నా కొలత ఇదే అన్నట్టు నిలబడతాడు. పెద్ద సర్జన్లు, కాలేజీ ప్రిన్సిపాళ్ళు, పెళ్ళికొడుకులు, అందరూ అంతే. భాయి ఏమీ అనేవాడు కాదు. టేపు రెండు కొసలూ వేళ్ళ మధ్య పట్టుకుని, నేల వైపు చూస్తూ నిలబడేవాడు. ఎంతసేపని బిగబడతారు? ముఖం ఎర్రబడేది. అప్పుడు మెల్లగా, "ఊపిరి వదలండి సార్. తొడుక్కునేది మీరే గదా" అనేవాడు. ఆడవాళ్ళకైతే టేపు మా చేతికే ఇచ్చి, చుట్టుకోమని చెప్పి, తను దూరం నుంచి అంకె చూసేవాడు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నాతోనూ ఊపిరి వదలమనే అన్నాడు. నేను కోపిష్టి మనిషిని. "నేనేం బిగబట్టలా" అన్నాను. ఆయన వాదించలేదు, నేల వైపే చూస్తూ నిలబడ్డాడు. చివరికి నేనే వదిలాను. టేపు చేతిలో జారి కొలత అక్కడికక్కడే పెరిగింది. ఆయన నవ్వలేదు, సుద్దముక్కతో అంకె వేసుకున్నాడు.

ముఖాలు ఆయనకు గుర్తుండేవి కావు. బజారులో ఎదురుపడి నమస్కారం పెడితే అయోమయంగా చూసేవాడు. పక్కకు తిరిగి భుజం కనబడితే మాత్రం వెంటనే పట్టేసేవాడు. ఫోన్లో నా పేరు చెబితే, "ఎవురూ?" అని, కాస్త ఆగి, "ఆ, కుడి భుజం దిగిన డాక్టరమ్మ" అనేవాడు. మైక్రోస్కోపు మీద ఏళ్ళ తరబడి వంగి నా కుడి భుజం దిగిన మాట నిజమే. ఆ సంగతి మా ఆయన కూడా గమనించలేదు. భాయి దాన్ని బయటికి చెప్పకుండా ఆ పక్క గుడ్డ కాస్త ఎత్తి కుట్టేవాడు. ఆయన కుట్టిన కోటు వేసుకుంటే అద్దంలో నేను తిన్నగా ఉండేదాన్ని.

పనిలో ఆయనకొక పట్టింపు. మిషను ఎక్కేముందు ప్రతి కోటుకూ చేత్తో కచ్చా కుట్టు వేయాల్సిందే. ముక్కలు కదలకుండా పొడుగు పోగులతో తాత్కాలికంగా వేసే కుట్టు అది, పక్కా కుట్టు పడ్డాక లాగేస్తారు. ఇప్పుడెవరు వేస్తున్నారు, గుండుసూదులు గుచ్చి లాగించేస్తున్నారు. భాయి తెల్లగుడ్డ మీద ఎర్రదారంతో వేసేవాడు, తీసేటప్పుడు ఒక్క పోగు మిగిలినా కనబడాలని. కొసన ముడి వేసేవాడు కాదు. కోటు ఇచ్చేటప్పుడు మన ముందే ఒక కొస పట్టుకుని సర్రున లాగితే దారమంతా ఊడి వచ్చేది. దాన్ని వేలికి చుట్టుకుని, "దీని పని అయిపోయింది, ఇంక మీరు తొడుక్కోండి" అనేవాడు. ఆ మాట అనకుండా ఒక్క కోటూ ఆయన చేతినుంచి రావడం నేను చూడలేదు.

అట్లా కోటు ఇవ్వడానికి ఒకరోజు మా ల్యాబుకు వచ్చిన మనిషి, మెట్ల మధ్యలో రెయిలింగు పట్టుకుని ఆగిపోయాడు. నేను పై నుంచి చూసి కిందికి దిగాను. కింది రెప్ప లాగి చూస్తే తెల్లగా పాలిపోయి ఉంది.

నాది మనుషుల్ని చూసే డాక్టరీ కాదు, గాజుపలక మీద రక్తపు చుక్కను చూసే డాక్టరీ. పలక మీద చూస్తే ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు, మూడూ తక్కువే. తుంటి ఎముకలోంచి మూలుగ తీసి చూడాల్సి వచ్చింది. ఆ సూది వేసింది కూడా నేనే. బోర్లా పడుకుని, పళ్ళు బిగించుకుని, "ఇన్నాళ్ళకు మీరు నా కొలత తీస్తా ఉండారు డాక్టరమ్మా" అన్నాడు.

ఫలితం తెలిశాక ఆయన నా గదికి ఒక్కడే వచ్చాడు. నేను అటూ ఇటూ మాట్లాడాను. కొన్ని విటమిన్ల పరీక్షలు కూడా చేద్దామన్నాను, తిండి సంగతి అడిగాను, ఎండల సంగతి ఎత్తాను. ఆయన మెడలోని టేపు రెండు కొసలూ పట్టుకుని నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. నా మాటలు వాటంతటవే అయిపోయాయి.

"ఊపిరి వదలండి డాక్టరమ్మా" అన్నాడు. "తొడుక్కునేది నేనే గదా."

అప్పుడు చెప్పాను.

"మూలుగ పని చెయ్యడంలేదా?" అని అడిగాడు.

"చేస్తా ఉండాది. మామూలుకంటే ఎక్కువే చేస్తా ఉండాది. పుట్టిన కణాలు బయటికి రాకముందే ఆడనే చచ్చిపోతా ఉండాయి."

"ఎవురు చంపతా ఉండారు?"

"ఎవురూ చంపడంలా. వాటికవే పోతాయి."

ఆయనకు ఇది వింతగా తోచింది. నేను అర్థమయ్యేట్టు చెప్పడానికి ప్రయత్నించాను. మూలుగలో పుట్టే ప్రతి కణంలోనూ తనను తాను ముగించుకునే ఏర్పాటు పుట్టుకతోనే ఉంటుంది. దాన్ని అదుపులో ఉంచే కబుర్లు ఉంటాయి, ఉండమనేవి కొన్ని, పొమ్మనేవి కొన్ని. ఒళ్ళు ఎర్రకణాలను అవసరానికి మించి మొలకెత్తిస్తుంది. మూత్రపిండాల నుంచి ఉండమనే కబురు అందినవి పెరిగి రక్తంలోకి వస్తాయి, అందనివి తమంతట తాము ముడుచుకుపోతాయి. దెబ్బ తగిలి రక్తం పోయిన రోజున ఆ కబురు ఎక్కువగా వస్తుంది. అప్పుడు పోవలసినవి కూడా నిలబడతాయి. తెల్లకణాల్లో కొన్ని రకాలైతే ఎక్కడ క్రిములు చేరితే అక్కడికి పరిగెత్తి, వాటితో పోరాడి, పని కాగానే తప్పుకుంటాయి. చుట్టుపక్కల గాయం కాకుండా, పక్కవాటికి ఇబ్బంది లేకుండా పోతాయి. మిగిలిన తునకలను వేరే కణాలు మింగేస్తాయి. ఈ చావు ఒక పద్ధతిలో జరుగుతున్నంత కాలమే మన ఒంట్లో రక్తం సరిగ్గా ఉంటుంది.

"అంటే కచ్చా కుట్టు" అన్నాడు ఆయన.

"దగ్గరదగ్గర అంతే. కాకపోతే ఈడ లాగే చెయ్యి లేదు. దారమే లేచి పోతాది."

"పని అయిపోయిందని దానికెట్ట తెలుస్తాది?"

"కణం లోపల్నే ఉండాయి. పోనీకుండా పట్టుకునేవి కొన్ని, తోసేవి కొన్ని. ఏవి గెలిస్తే అది."

"నాకేమయింది మరి?"

"మీ ఒంట్లో పక్కా కుట్టు పడకముందే దారం పోతా ఉండాది."

ఆయన మెడలోంచి టేపు తీసి, చుట్టచుట్టి, నా బల్ల మీద పెట్టాడు. అది మెడలో లేకుండా ఆయన్ని చూడడం అదే మొదలు. వెళ్ళేటప్పుడు మరిచిపోయాడు. నేనే వెనక పరిగెత్తి ఇచ్చాను.

ఆ తర్వాత రక్తం ఎక్కించడాలు, ఉండమనే కబురును బలపరిచే ఇంజెక్షన్లు మొదలయ్యాయి. వైద్యం చేసేది వేరే డాక్టరు. అయినా వచ్చినప్పుడల్లా ఆయన రక్తం చుక్క నా పలక మీదికే వచ్చేది, ఆయన నా గదికే వచ్చేవాడు.

ఆ ఏడాది మొహర్రం నెలలో రొట్టెల పండుగకు వెళ్ళి ఆయన ఆరోగ్య రొట్టె తీసుకున్నాడు. దర్గా పక్కన స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్ళలో జనం నిలబడతారు. చదువు కావలసినవాళ్ళు చదువు రొట్టె, పిల్లలు కావలసినవాళ్ళు సంతాన రొట్టె, ఎవరి కోరిక వాళ్ళు అడిగి తీసుకుంటారు. ఇచ్చేవాళ్ళెవరంటే, వెనకటేడు అదే కోరిక కోరి, అది తీరినవాళ్ళు. కులం అడగరు, మతం అడగరు. నేను ఇవన్నీ పెద్దగా నమ్మే మనిషిని కాను. ఇన్నేళ్ళుగా రొట్టెల పండుగ అంటే నాకు ట్రాఫిక్ మళ్ళింపు, ఆసుపత్రికి ఆలస్యం, అంతే. కొడవలూరులో ఉండగా మా అమ్మ నా మెడికల్ సీటు కోసం చదువు రొట్టె తీసుకుందట. "చదివింది నేను, పేరు రొట్టెకా?" అని ఆవిడతో పోట్లాట వేసుకున్నాను. ఆ మాట భాయికి చెబితే ఆయన అడిగింది ఒకటే.

"సీటొచ్చినాక అమ్మ పొయ్యి తిరిగి రొట్టె ఇచ్చిందా?"

"ఇచ్చింది."

"అది ముఖ్యం. తీరినోళ్ళు ఇయ్యకుండా ఉండకూడదు. తీరనోళ్ళు ఇయ్యకూడదు."

ఏడాది తిరిగింది. మళ్ళీ పండుగ రాబోతుండగా ఆయన ఇంటి దగ్గర చిన్న ల్యాబులో మామూలుగా రక్తపరీక్ష చేయించుకున్నాడు. ఏడాదిగా పాతాళంలో ఉన్న తెల్లకణాల లెక్క మామూలు మనిషి లెక్కకు వచ్చింది. అంతకు కొన్నాళ్ళ ముందే రక్తం ఎక్కించారు కాబట్టి హిమోగ్లోబిన్ కూడా పరవాలేదనిపించింది. ప్లేట్‌లెట్లు కిందనే ఉన్నాయి గానీ ఆ సంతోషంలో ఆ లైను ఎవరూ చదవలేదు. ఇంటిల్లిపాదీ ఏడ్చారట. ఆయన భార్య నెయ్యి రాసి రొట్టెలు చేసింది. ఆయన తలకు తెల్లరుమాలు కట్టుకుని, చెరువులో దిగి, "ఆరోగ్య రొట్టె, ఆరోగ్య రొట్టె" అని పిలిచి, అడిగిన మనిషికి ఇచ్చేశాడు. పండుగ సందడి అయిపోయాక తీరిగ్గా నా దగ్గరికి వచ్చాడు, మలైకాజా పొట్లంతో.

పొట్లం అందుకుంటుంటే ఆయన వేళ్ళు తగిలాయి. వేడిగా ఉన్నాయి.

"జొరంగా ఉండాదే భాయీ?"

"రొట్టె ఇచ్చిన నాటి నించి ఉండాది. నీళ్ళలో నిలబడినా గదా, అదింకా వదల్లా" అన్నాడు హుషారుగా.

నేను కాజా నోట్లో వేసుకోలేదు. వేలి నుంచి చుక్క తీసి పలక మీద పరిచాను. యంత్రం కణాలను లెక్కపెడుతుంది, అవి ఎలాంటివో ఆ చిన్న యంత్రానికి తెలియదు. పలక నిండా ఒకే పోలికతో, పెద్ద పెద్ద కేంద్రకాలతో పసి కణాలు. ఎదగనివి, పనికి రానివి. నా బతుకంతా చూసినవే. అయినా ఆ రోజు కళ్ళు తుడుచుకుని మళ్ళీ చూశాను.

ఈసారి ఆయనతో ఊపిరి వదలండి అనిపించుకోలేదు. తిన్నగా చెప్పాను.

"భాయీ, పెరిగింది మంచి కణాలు కాదు."

"లెక్క సరిపొయ్యింది గదా?"

"పోవాల్సినవి పోకపోబట్టి సరిపొయ్యింది. పోయినేడంతా కణాలు తొందరపడి పోతా ఉన్నాయి. ఇప్పుడు వాటిల్లో ఒకటి పొమ్మనే మాట వినడం మానేసింది. దాని పిల్లలూ వినవు, పిల్లల పిల్లలూ వినవు. ఎదగవు, చావవు, మంచివాటికి చోటియ్యవు. దీన్ని బ్లడ్ క్యాన్సర్ అంటారు."

ఎంతకాలం అని అడుగుతాడనుకున్నాను. అందరూ అదే అడుగుతారు. ఆయన మలైకాజా పొట్లం వైపు చూస్తూ, "అయితే నేను రొట్టె ఇచ్చేసినానే" అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు.

"ఒకామె తీసుకున్నింది డాక్టరమ్మా. చిల్లకూరు కాడ నించి వచ్చినామనింది. ముఖం చూళ్ళా. ఆకుపచ్చ జాకెట్టు. ఎడమ చేతికి మాత్రం గోధుమరంగు గుడ్డ అతుకేసి లూజు చేసుండారు. చెయ్యి వాచుండాది. ఎందుకు వాస్తాది అట్ట, ఒక్క చెయ్యే?"

నేను చెప్పక తప్పలేదు. "రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ చేస్తే చంకలో గ్రంథులు కూడా తీస్తారు. అప్పుడు కొందరికి ఆ పక్క చెయ్యి వాస్తాది."

"చూసినారా. అంత జబ్బు మనిషి, నా చేత్తో చెల్లని రొట్టె తీసుకోనిపొయ్యింది." ముఖం రెండు చేతుల్లో పెట్టుకున్నాడు. తన జబ్బు పేరు విన్నప్పుడు ఆయన అట్లా చెయ్యలేదు.

తర్వాత ఇంజెక్షన్లతో పాటు ఒక కొత్త మాత్ర ఇచ్చారు. అదేం చేస్తుందని అడిగాడు. ఆ చెడ్డ కణాల లోపల పోనీకుండా పట్టుకునేది ఒకటి బలిసి కూర్చుందని, ఈ మాత్ర దాని చేతులు కట్టేస్తుందని, అప్పుడు కణం పొమ్మనే మాటకు లొంగుతుందని చెప్పాను.

"అంటే చావమని గుర్తుచేసే మాత్ర."

"అవును."

"నేను బతకడానికి అది మింగాల."

"అవును భాయీ."

చాలా రోజుల తర్వాత నవ్వాడు. మాత్ర పనిచేసింది కూడా. కొన్ని నెలలు పలక మీద పసి కణాలు కనబడలేదు. ఆయన మళ్ళీ కొట్టు తెరిచాడు, నాకొక కోటు కుట్టాడు, నా ముందే ఎర్రదారం లాగాడు. అన్నీ జరిగాయి గానీ ఆ రొట్టె మాత్రం ఆయన్ని వదల్లేదు. చిల్లకూరులో ఉన్న టైలర్లందరి ఫోన్ నంబర్లూ సంపాదించి, ఆకుపచ్చ జాకెట్టుకు గోధుమరంగు అతుకు ఎవరు వేశారని అడిగాడు. ఎవరూ వేయలేదన్నారు. "ఇంట్లోనే చేతికుట్టు వేసుకున్నిందేమో" అని నాతో దిగులుగా అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. "ఆమెను పట్టుకోని ఏం చేస్తారు? ఇది చెల్లదమ్మా అని చెప్తారా? ఆ మనిషి దాన్ని పట్టుకోని ధైర్యంగా ఉంటే, ఆ ధైర్యం కూడా తీసేస్తారా?"

"నాకు మీరు చెప్పలా?"

"నేను డాక్టర్ని. అది వేరు."

"ఏం వేరు? నా లెక్క బాగుండాదని మీరు గూడా కాజా తినేసుంటే నేను సంతోషంగా ఇంటికి పొయ్యుందును. మీరు తిన్లా. అందుకే గదా మీ కాడికి వచ్చేది."

"ఇప్పుడు మీరు బాగుండారు గదా. ఇప్పుడు చెల్లినట్టే అనుకోండి."

"ఇచ్చిన రోజు బాగలేను. కొలత తీసిన రోజుదే లెక్క డాక్టరమ్మా" అన్నాడు. ఆ రోజంతా నేను ల్యాబులో అందరి మీదా అరిచాను.

ఎండలు ముదిరేనాటికి ఆ కణాలు మాత్రను తప్పించుకునే దారి కనిపెట్టాయి. ఒక దారి మూస్తే ఇంకో దారిలో బతకడం నేర్చుకుంటాయి అవి. మంచి తెల్లకణాలు దాదాపు లేకుండాపోయాయి. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. వేరే గదిలో పెట్టారు. నేను మాస్కు వేసుకుని లోపలికి వెళితే గుర్తుపట్టలేదు. పక్కకు తిరిగి కుర్చీ లాక్కుంటుంటే భుజం చూసి, "మీరా" అన్నాడు.

మాట్లాడడానికి ఆయాసపడుతున్నాడు. "పండగ దగ్గరికొచ్చింది. నేనుండను. మీరు పోవాల."

"ఏ పండగ?" అన్నాను, తెలిసే.

"ఆమెకు బాగయ్యుంటే ఈ ఏడు ఇయ్యడానికి వస్తాది. తీసుకున్న చోటనే నిలబడతారు చాలామంది. చివరి ఘాటు మెట్లు దాటినాక దీపస్తంభం ఉండాది, దాని పక్కన. ఆమెకు చెప్పండి, నాది చెల్లలేదని. రాకపోతే ఇంకేం చెయ్యబాకండి."

నేను ఒప్పుకోలేదు, కాదనలేదు. ఆక్సిజన్ మాస్కు కింద ఆయన ముఖం చూడలేక నేల వైపు చూస్తూ నిలబడ్డాను. ఇన్నేళ్ళూ ఆయన నిలబడినట్టే నిలబడ్డానని తర్వాత తట్టింది. చివరికి, "పోతాను" అన్నాను. ఆయన కళ్ళు మూసుకున్నాడు.

రెండోనాటి పొద్దున పోయాడు. ఊరి డాక్టర్లందరికీ బట్టలు కుట్టిన మనిషిని వాళ్ళ ఆచారం ప్రకారం కుట్టులేని తెల్లగుడ్డలో తీసుకెళ్ళారు. టేపు ఆయన భార్య చేతిలో ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక ఆమె అట్లాగే పట్టుకుని కూర్చుంది.

ఈ ఏడాది రొట్టెల పండుగకు నేను బతుకులో మొదటిసారి ఆ చెరువులో దిగాను. చీర కుచ్చెళ్ళు తడిసి కాళ్ళకు చుట్టుకున్నాయి. చుట్టూ ఒకటే పిలుపులు, ఉద్యోగ రొట్టె, పెళ్ళి రొట్టె, ఇంటి రొట్టె. ఎవరో, "ఏ రొట్టె కావాలక్కా?" అని అడిగారు. "రొట్టె కాదు, మనిషి కావాలి" అన్నాను. వాళ్ళు నా వైపు జాలిగా చూసి పక్కకు జరిగారు. మొదటిరోజు దీపస్తంభం దగ్గర ఎండలో నిలబడి నిలబడి, ఆమె రాలేదని తేల్చుకుని ఇంటికి వచ్చేశాను. రాకపోవడమంటే ఏమిటో ఆలోచిస్తే నిద్ర పట్టలేదు. మర్నాడు సెలవు పెట్టి మళ్ళీ వెళ్ళాను.

మధ్యాహ్నం దాటాక కనబడింది. ముందు జాకెట్టే కనబడింది, ఆకుపచ్చది, ఎడమ చేతికి గోధుమరంగు అతుకు. దాని మీద నెరుస్తున్న జుట్టు, నలభై దాటిన ముఖం. కుడిచేతిలో గుడ్డలో చుట్టిన రొట్టె. "ఆరోగ్య రొట్టె" అని సన్నగా పిలుస్తోంది. ఆమె బతికే ఉంది, బాగయి వచ్చింది. అది చాలదా, ఏమీ చెప్పకుండా వెనక్కి పోదామా అనిపించింది. నేను ఊపిరి బిగబట్టుకుని నిలబడి ఉన్నానని తెలిసింది. వదిలాను.

"అమ్మా, పోయినేడు ఈడనే ఒకాయన మీకు రొట్టె ఇచ్చినాడు..."

"మెడలో టేపున్నాయనా?" అంది వెంటనే. "ఆయన కోసమే చూస్తా ఉండా. బాగుండాడా?"

చెరువులోకి కూడా టేపుతోనే దిగాడన్నమాట.

"లేడమ్మా. ఎండాకాలంలో పొయ్యినాడు." ఆమె చెయ్యి కిందికి దిగింది. ఇంక ఆగితే చెప్పలేనని గబగబా చెప్పేశాను. "నేను ఆయనకు తెలిసిన డాక్టర్ని. మీకొక మాట చెప్పమన్నాడు. ఆరోగ్యం వచ్చిందనుకోని మీకు రొట్టె ఇచ్చినాడు, నిజానికి రాలా. అప్పటికే జబ్బు ముదిరుండాది. అందుకని ఆ రొట్టె చెల్లదని, మీకు చెప్పకుండా ఉండకూడదని, ఏడాదంతా అదే దిగులు ఆయనకు."

ఆమె జారుతున్న గుడ్డను రొట్టె మీదికి సర్దుకుంది.

"నాకు తెలుసమ్మా" అంది.

"ఏంది తెలిసేది?"

"రొట్టె తీసుకునేటప్పుడు చెయ్యి తగిలింది. కాలిపోతా ఉండాది. ఏడాది ఆస్పత్రుల్లో పడుండేదాన్ని, జబ్బు మనిషి చెయ్యి నాకు తెలవదా? మా ఇంటాయన గూడా చూసినాడు. వద్దు, ఇంకెవురి కాడన్నా తీసుకుందాం పా అన్నాడు. నేనే రాలా." వాచిన ఎడమచేత్తో కళ్ళు తుడుచుకుంది. "అంత జొరంలో నీళ్ళలో నిలబడుకోని ఆరోగ్య రొట్టె ఇస్తా ఉండాడంటే, తనకు లేనిది నాకిస్తా ఉండాడనుకున్నా. బాగయినోళ్ళు ఎంతమందైనా ఇస్తారు. అట్టాంటిది ఎవురిస్తారమ్మా?"

ఆమె గుడ్డ విప్పి రొట్టె నా చేతిలో పెట్టింది.

"తీసుకోండి. ఎవురికి కావాల ఆరోగ్యం?"

నా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు. రేపు నా మైక్రోస్కోపు కిందికి ఎవరి పలక వస్తుందో నాకు తెలియదు. "రేపు వచ్చేవాళ్ళకు" అన్నాను. ఆమె తల ఊపింది.

గట్టెక్కి, తడి చీరతోనే కూర్చుని సగం తిన్నాను. మిగతా సగం ఆయన భార్యకు ఇచ్చి, చిల్లకూరు ఆమె అన్న మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె రొట్టె కళ్ళకద్దుకుని, "ఈ మాట ఆయన వినుంటే" అని ఆగిపోయింది. ఏడాది పొడుగునా ఆ మనిషిని తినేసిన దిగులుకు జవాబు దొరికింది, దాన్ని వినవలసిన ఒక్క మనిషీ లేడు. ఆయనకు చెప్పలేకపోయాను కాబట్టి మీకు చెబుతున్నాను.